నలభై లెన్సు మీది మసక

టిక్. కాస్త ఆగి, మళ్లీ టిక్.

రక్తపరీక్షల ల్యాబుకు మెట్లెక్కేవాళ్లకు మనిషి కంటే ముందు ఆ చప్పుడే ఎదురొస్తుంది. మైక్రోస్కోపు కింద లెన్సుల చక్రం తిరిగి, ఒక్కో లెన్సు తన చోట కుదురుకునే చప్పుడు అది. తలుపు తోస్తే కిటికీ పక్కన ఎత్తు స్టూలు, దాని మీద వంగిన ఒక తెల్లకోటు, జడలో గుచ్చిన పెన్ను. ఇరవై ఆరేళ్లుగా ఆ వీపు అదే వంపులో ఉంది.

ల్యాబులో అందరూ ఆమెను పదింతలమ్మ అంటారు. కొత్తగా ఎవరు చేరినా ఆమె మొదట చెప్పే మాట ఒకటే. "ముందు పదిలో చూడు. దారి తెలిశాకే నలభైకి పో." కింది చక్రంలో పది, నలభై, వంద లెన్సులుంటాయి. కంటి దగ్గరి లెన్సు పది రెట్లు చేస్తుంది, కింది నలభై లెన్సు నలభై రెట్లు. రెండూ గుణిస్తే నాలుగు వందలు. కింద వంద లెన్సు పెడితే వెయ్యి. అయితే పెద్దదయ్యేకొద్దీ కనిపించే చోటు చిన్నదవుతుంది, వెలుతురు తగ్గుతుంది, లెన్సు స్లైడును తాకేంత దగ్గరికి దిగుతుంది. తిన్నగా నలభైకి పోయేవాడు ఊరంతా వదిలేసి ఒక గుమ్మం ముందు నిలబడి, ఇదే ఊరు అనుకుంటాడని ఆమె అభిప్రాయం.

ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి ఆమెకు నలభైలో మసక కనిపించసాగింది. తడి అద్దం వెనక దీపంలా కణాల అంచులు కరిగిపోయేవి. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆడపడుచు ఊరుకునే రకం కాదు.

"సూదిలో దారం ఎక్కించడానికి ఇంతసేపా వదినా? క్రిముల్ని పట్టే కళ్లేనా ఇవి?"

"దారం పీచులు లేచింది, కొత్తది కొనుక్కో" అని సూది విసిరేసి లేచిపోయేది పదింతలమ్మ. స్కూలు బస్సు నడిపే భర్త చపాతీ నములుతూ ఇద్దరినీ చూసి, తెలివిగా పళ్లెంలోకి తల దించుకునేవాడు.

ఒక శుక్రవారం ల్యాబు డాక్టరు పిలిచాడు.

"రెండు రిపోర్టులు తిరిగొచ్చాయమ్మా. మూత్రంలో చీము కణాలు లేవని మనం ఇచ్చాం. బయట చూపిస్తే బోలెడున్నాయట. కళ్లు చూపించుకున్నావా ఈ మధ్య?"

"బాగానే ఉన్నాయి సార్."

"అయినా సోమవారం నుంచి స్లైడ్లు వేరేవాళ్లు చూస్తారు. నువ్వు సూదిమందు గదిలో రక్తాలు తియ్యి."

ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె ఆ మసక ఎక్కడిదో వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం. ఇప్పుడు సోమవారం వరకే గడువుంది.

స్లైడును పక్కకు జరిపింది. కణాలు జరిగాయి, మసక జరగలేదు. స్లైడుది కాదన్నమాట. కంటి దగ్గరి లెన్సులను ఒక్కొక్కటిగా తిప్పింది. మసక తిరగలేదు. చక్రం తిప్పి పదికి వచ్చింది. మసక చాలామటుకు తేలిపోయింది. నలభైకి పోతే మళ్లీ దట్టంగా కమ్ముకుంది. నలభై లెన్సును మరలూడదీసి, కంటి లెన్సును తలకిందులుగా పట్టుకుని భూతద్దంలా దాని ముక్కును చూసింది. ఎండిన నూనె, పల్చని పొరలా. వంద లెన్సుకే స్లైడు మీద నూనె చుక్క వెయ్యాలి. వేశాక వెనక్కి నలభైకి తిప్పితే పొడిగా ఉండాల్సిన ఆ లెన్సు నూనెలో మునుగుతుంది. అలా తిప్పేవాడు ఆ ల్యాబులో ఒక్కడే.

పల్చని కాగితం మీద ఒక చుక్క స్పిరిట్ వేసి, తుడిచి, బిగించి డాక్టరును లాక్కొచ్చింది.

"అబ్బ! ఎంత తేటగా ఉందో! నూనెలో ముంచింది నేనే అయ్యుంటానేమో."

"'ఉంటానేమో' ఏమిటి సార్, మీరే! ఎన్నిసార్లు మొత్తుకున్నాను."

"సర్లే తల్లీ, తప్పు నాదే. సోమవారం నీ స్టూలు నీదే, పో."

డాక్టరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ వంగింది. కుడి కంటికి కణాల అంచులు గోరుతో గీసినట్టున్నాయి. కుడి కన్ను మూసింది. ఎడమ కంటిలో పల్చని పాలు. కంటి లెన్సులను అటుదిటు మార్చి చూసింది. పాలు ఎడమ పక్కనే ఉండిపోయాయి.

కిటికీ అవతల వాన కురిసి ఆగింది. తరువాత లేచి డాక్టరు గది తలుపు తట్టింది.

"లెన్సుది సగమే సార్. మిగతా సగం నా ఎడమ కన్నుది. పొర వచ్చినట్టుంది."

డాక్టరు కలం కింద పెట్టాడు. "నోరు మూసుకునుంటే ఎవరికి తెలిసేది?"

"ఆ రెండు స్లైడ్లలో లెన్సు తప్పెంతో, నాదెంతో నాకే తెలీదు సార్. అందుకే చెప్తున్నా."

సోమవారం ఆమె సూదిమందు గదికే వెళ్లింది. కంటి ఆపరేషన్‌కు ఇంకా పదిరోజులున్నాయి. రక్తం ఇవ్వడానికి వెళ్లిన నేను కథలు రాస్తానని తెలిసి, మాటల్లో ఇదంతా చెప్పి, లేవబోతుంటే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నా గురించి ఏం రాసుకున్నా సరేగానీ, ఆ రెండు రిపోర్టులూ తప్పని రాయి బాబూ. లెన్సు పేరు చెప్పి దాటెయ్యకు."