పదకొండు జీడిచెట్ల రాజీ

పనికి బయలుదేరే ముందు జోగమ్మ రోజూ గడప మీద కూర్చుని పది వేళ్లకూ ఆముదం రాసుకుంటుంది. లేకపోతే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టడం ఆమెకు ముప్పయ్యేళ్లుగా అలవాటైన పని.

చిన్నకొడుకు కన్నయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. కోడలు మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. మనవరాలు సింధూర నాయనమ్మ దగ్గర మిగిలింది. ఉద్దానంలోని జీడితోటలో తమ్ముడి వాటా ఇవ్వనన్నాడు పెద్దకొడుకు వైకుంఠరావు. ఉంటున్నది అతని ఇంట్లోనే అయినా జోగమ్మ పిల్ల తరఫున కోర్టుకెక్కింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆమెను పలకరించినవాళ్లు లేరు. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని, తనకూ పిల్లకూ వండుకునేది.

రెండేళ్లకు ఊరి పెద్దలు రాజీ కుదిర్చారు. అక్కడ తోటను చెట్ల లెక్కన పంచుకోవడం అలవాటు. సింధూరకు పదకొండు చెట్లు. జోగమ్మ మారుమాట లేకుండా వేలిముద్ర వేసింది. ఆ సాయంత్రం పెద్దకోడలు పిలిచి అన్నం పెట్టింది. ఇల్లు మళ్లీ తనదైందనుకుంది జోగమ్మ.

మైనరు ఆస్తి కాబట్టి రాజీకి కోర్టు అనుమతి కావాలి. జడ్జిగారు కాగితాలు చదివి ఆమెను ముందుకు రమ్మన్నారు.

“చెట్లు పాపవి. వాటి కింద నేల ఎవరిది?”

“అలగంతారేటి బాబూ? సెట్టుందంటే నేలున్నట్టే గదా!”

“నేలంతా మీ పెద్దబ్బాయిదని ఇందులో రాశారమ్మా. చెట్లు పడిపోతే పాపకేం మిగులుతుంది?”

తిత్లీ తుపానుకు సగం తోట వేళ్లతో సహా లేచిపోవడం జోగమ్మ కళ్లారా చూసింది.

వెనక నుంచి వైకుంఠరావు గొణిగాడు. “ఒప్పేసుకోయే అమ్మా. నువ్వు పోయినా ఆ సెట్లు పోవు.”

“నానెలాగూ పోతాను. తుపానుకి నువ్వు పూచీ పడతావేట్రా?” అని జడ్జిగారి వైపు తిరిగింది. “నేల రాయించండి బాబూ. గుంటకి, నా మనవరాలికి, నేల కావాల.”

ఆ రాజీకి అనుమతి రాలేదు. మూడు నెలల తర్వాత, తోట కొలిపించి సగం నేల సింధూర పేర రాసిన కొత్త రాజీని కోర్టు ఒప్పుకుంది. వైకుంఠరావు సంతకం పెట్టి, తల్లి వైపు చూడకుండా బస్సెక్కాడు. జోగమ్మ ఇల్లు చేరేసరికి ఆమె బట్టల మూట, పిల్ల పుస్తకాలు అరుగు మీద ఉన్నాయి.

ఇప్పుడు సింధూర టెక్కలిలో హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. జోగమ్మ కాశీబుగ్గలో అద్దె గదిలో ఒక్కతే ఉంటుంది.