ఊరు లేని కొండ

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఒక ధీమా ఉంటుంది. తనకు తెలిసిన సంగతి లోకమంతటికీ తెలుసనీ, తనకు ముచ్చటగా ఉన్నది అందరికీ ముచ్చటగానే ఉంటుందనీ. ఆ రోజుల్లో నాకది కొంచెం ఎక్కువ పాళ్లలోనే ఉండేది. ఇరవై మూడేళ్లు, చేతిలో సివిల్ డిప్లొమా, చింతపల్లికి పైన ఒక కొండ ఊళ్లో సర్వేయరు పోస్టు. ఊరంతా కలిపి ఇరవై ఆరు గడపలు, చుట్టూ కాఫీ తోటలు, సిల్వరోకు చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పెద్దా చిన్నా అందరికీ 'సర్వేయరమ్మ'నే. (మొదటి వారం ఆ పిలుపు వినబడితే నా వెనకాల ఎవరో పెద్దావిడ ఉందేమోనని తిరిగి చూసేదాన్ని.)

నా పెట్టెలో బట్టలకంటే ఎక్కువ చోటు ఆక్రమించినవి బొమ్మలు. వేలి కణుపంత ప్లాస్టిక్ సైనికులు. చేతులు వేరుగా, తలలు వేరుగా పెట్టెల్లో వస్తారు. అతికించి, నల్ల అస్తరు వేసి, అది ఆరాక సున్నా నంబరు కుంచెతో చొక్కాకీ, బూటుకీ, బెల్టు బిళ్లకీ, చివరికి కంటిపాపకీ రంగు వేయాలి. కంటిపాప పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే సైనికుడికి మెల్లకన్ను వస్తుంది. (నా సైన్యంలో మెల్లకన్ను లేనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.) తరువాత వాళ్లను కొండలూ వాగులూ కట్టిన ఒక పెద్ద బల్ల మీద రెండు పక్షాలుగా నిలబెట్టి, పాచికలు వేసి, పడ్డ అంకెను బట్టి ముందుకు నడుపుతూ యుద్ధం ఆడతారు. ఈ పిచ్చి నాకు మా అన్నయ్య అంటించాడు. వైజాగ్‌లో వాడికీ వాడి స్నేహితులకీ ఒక జట్టు ఉండేది. ఆ ఏడాది వాళ్లంతా కలిసి ఒక హాలులో ప్రదర్శన పెడుతున్నారు, మంచి బల్లకు బహుమతి కూడా ఉంది. "నువ్వు కొండల్లోనే ఉన్నావు కదే, కొండ యుద్ధభూమి నువ్వు చెయ్యి" అన్నాడు అన్నయ్య ఫోనులో. అంతే, నాకు నిద్ర పట్టలేదు.

నాలుగడుగుల ప్లైవుడ్ ముక్క మీద థర్మోకోల్ అట్టలు పేర్చి, కోసి, కొండ లేపాను. మట్టి కోసం కాఫీ పిప్పి ఎండబెట్టి జల్లించాను. పొదలకు రాళ్ల మీది నాచు, ఎండుగడ్డికి చోళ్ల (అంటే రాగుల) పొట్టు. ఊహ నాకు మొదటినుంచీ తక్కువే, పైగా చేసేది సర్వే పని. అందుకని కిటికీలోంచి కనబడే కొండనే కొలతలతో సహా దింపేశాను. అదే శిఖరం, అదే గెడ్డ (కొండవాగును అక్కడ అలాగే అంటారు), గెడ్డ తిరిగే మలుపు కూడా అదే. రెండు మార్పులు మాత్రం చేశాను. గెడ్డ ఉన్నంత సన్నగా పెడితే ఫొటోలో కనబడదని దాన్ని నాలుగింతలు వెడల్పు చేశాను. సైనికులు తిరగడానికి చదును నేల కావాలి కాబట్టి ఊరు ఉన్న చోట ఊరు తీసేశాను.

నేను అద్దెకున్న గది ఒక ముసలావిడది. అందరూ మామ్మ అనేవారు, నేనూ అదే అన్నాను. పొడుగ్గా, ఎండిన వెదురులా ఉండేది. నాకు ప్రతి ఉదయం చోడి అంబలి గ్లాసుతో తెచ్చి గడపలో పెట్టి, నేను తాగేదాకా కదిలేది కాదు. దుమ్ము పడుతుందని నేను తలుపు వేసుకుని పని చేసుకునేదాన్ని గనుక, లోపల ఏం జరుగుతోందో ఆవిడకు తెలియదు. ఆగస్టు వానలకు గది కప్పు కారడం మొదలైంది. కొండ తడిసిపోతుందని భయపడి, బల్లకు ప్లాస్టిక్ పట్టా కప్పి, ఆవిడ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని ఆఫీసు హాలుకు మోసుకెళ్లాం. రెండు టేబుళ్లు కలిపి దాని మీద దింపాక నేను గర్వంగా పట్టా తీశాను.

మామ్మ బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఇది మన కొండ కాదేటి?" అంది.

"అవును మామ్మా! చూడగానే గుర్తుపట్టేశావే!"

"ఇది మన గెడ్డ. మరి ఊరేదీ?"

"ఊరు తీసేశాను. అక్కడ ఇళ్లుంటే వీళ్లు తిరగడానికి అడ్డం."

"ఈలెవులు?"

"సైన్యం. ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది. ఇంకో పదిమంది కొరియర్‌లో వస్తున్నారు."

"ఈ ఎర్ర జెండాలేటి?"

"ఎవరు ముందెళ్లి ఆ జెండా పట్టుకుంటే ఆ జాగా వాళ్లది."

ఆవిడ వేలితో గెడ్డను చూపించింది. "నీలం రంగేసినావు. నీల్లేవి?"

"రేపు పోస్తాను మామ్మా. ఇదిగో, ఇక్కణ్ణించి ఇక్కడిదాకా నిండిపోతుంది. ఒక్కరోజులో గట్టిపడిపోతుంది." (నేను చెప్పింది నీళ్లలా కనబడే జిగురు గురించి. ఆ మాట అనాలని నాకు తోచలేదు.) "ఇరవయ్యో తారీఖు లోపల అంతా అయిపోవాలి. ఆ రోజు వైజాగ్‌లో పెద్దపెద్దవాళ్లు చూస్తారు."

మామ్మ ఇంకేమీ అడగలేదు. పట్టా తనే జాగ్రత్తగా కప్పి, కొసలు సర్ది వెళ్లిపోయింది. నా పనితనానికి ఆవిడకు నోట మాట రాలేదనుకున్నాను. ఇప్పటికీ ఆ తలపు వస్తే చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి వరండాలో, మెట్ల మీద, ముసురులో నేల మీద కూడా ఊరంతా కూర్చుని ఉంది. ప్రతివాళ్ల ఒళ్లోనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టిన భూమి పట్టా పుస్తకం. కేకలు లేవు, గొడవ లేదు. చంటిపిల్లలు కూడా ఏడవడం లేదు. పది రోజులుగా నేను యంత్రం భుజాన వేసుకుని ఊళ్లో పొలాలన్నీ కొలుస్తూ, రాళ్లకు ఎర్ర అంకెలు వేస్తూ, పట్టాలు తెచ్చి సరిచూసుకోండని గొంతు పోయేలా చెప్పినా ఒక్కరూ రాలేదు. ఇవాళ ఇందరు వచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. "అందరూ వరసలో రండి, తొందరేం లేదు!" అన్నాను నవ్వుతూ.

ఊరి పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక పాత రేడియో ఉంటుందని నేను రేడియో తాత అనేదాన్ని. ఆ రోజు రేడియో తేలేదు. "కొలిసింది సాలమ్మా," అన్నాడు. "మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారో అది సెప్పీండి. గొడ్లున్నాయి, పంట సేలోనే ఉంది. బేగి సెప్తే సర్దుకుంటాం."

నాకు అర్థం కాలేదు. అంతలో నా ఫోను మోగింది. ఊళ్లోవాళ్లు తెల్లారకముందే ఒక మనిషిని సర్వీసు జీపులో కిందికి పంపారట, మా పై అధికారి ఆ మనిషిని ఎదురుగా పెట్టుకునే మాట్లాడుతున్నారు. "ఏమ్మా, నువ్వక్కడ డ్యామ్ కడుతున్నావట? మిలిటరీని కూడా పిలిచావట?"

ఆయన నవ్వుతున్నారు. నేను నవ్వబోయి, ఎదురుగా ఉన్న ముఖాలు చూసి ఆగిపోయాను.

"అలాంటిదేమీ లేదండీ," అన్నాను అందరికీ వినబడేలా. "మీ ఊరికి ఏమీ కాదు."

"అప్పుడూ అలగే సెప్పినారు," అంది మామ్మ, మెట్ల మీంచి.

ఆవిడ చెప్పింది నాలుగు మాటలే. చిన్నప్పుడు ఆవిడ ఊరు ఇది కాదట, పైన ఒడిశా వైపు. ఒకరోజు ఆఫీసర్లు వచ్చి బల్ల మీద సున్నంతో చేసిన కొండ చూపించారట. ముచ్చటగా ఉందట. నీళ్లకు నీలం రంగు, చెట్లకు పచ్చ రంగు. పిల్లలంతా చుట్టూ మూగి మన కొండ, మన గెడ్డ అని గుర్తుపట్టి చప్పట్లు కొట్టారట. "మా అయ్యొక్కడే అడిగినాడు, ఊరేదీ అని. ఆపీసర్లు నవ్వీసినారు. రెండు వానలకి నీల్లొచ్చీసినాయి. మా అయ్య నన్ను బుజానేసుకుని నడిసొచ్చినాడు." కొంగు సర్దుకుంది. "రేతిరి కోల్లని గంపలో ఏసీసినాను. సిన్న గుంటవి, నిన్ను అనీదేటుంది? నువ్వు దాసకుండా సెప్పినావు, అదే పదేలు."

కాదు, ఇది ఆట, ఉత్త ఆట అని చెప్పాను. నమ్మినట్టు ఎవరి ముఖంలోనూ కనబడలేదు. ఆడి చూపిస్తే తెలుస్తుందనుకుని రేడియో తాతను లోపలికి తీసుకెళ్లి, గబగబా పాచికలు వేశాను. ఆరు పడింది. ఒక సైనికుణ్ణి తీసి ఆరు వేళ్ల దూరం జరిపాను, సరిగ్గా తాత ఇల్లు ఉండాల్సిన చోటికి. "చూశావా తాతా? ఆటే!"

ఆయన పాచికల వంక చూశాడు, సైనికుడి వంక చూశాడు. "మా ఊరి మీద పాచికలేత్తన్నారేటమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఉద్యోగంలో మొదటిసారి అందరి ముందు ఏడ్చేశాను. నా ఏడుపు చూశాకే వాళ్లకు కొంత నమ్మకం కలిగిందనుకుంటాను, ఎందుకంటే పెద్ద పనులు చేసే ఆఫీసర్లు ఏడవరు. చివరికి మామ్మే లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "ఆటయితే మరి ఊరెట్టు," అంది. "ఊరెట్టీసి ఆడుకో."

మూడు రోజులు పట్టింది. అగ్గిపెట్టె అట్టతో గోడలు, చీపురు పుల్లలతో వాసాలు. ఒక్కొక్క ఇంటివాళ్లూ వచ్చి దగ్గరుండి తమ ఇల్లు కట్టించుకున్నారు. మా ఇంటి మీద గుమ్మడి పాదుంది, మా కల్లం గుండ్రంగా ఉండదు, మా పనసచెట్టు ఇంకా పెద్దది. ఊరి నడుమ రాతిదేవతను పెట్టేటప్పుడు నన్ను చెప్పులు విప్పమన్నారు. రెండో రోజు ఇద్దరు బావమరుదులు తమ కంచె గురించి వాదులాడుకున్నారు. ఒకతను అరవేలు అటు జరపమని నా చెవిలో గుసగుసలాడాడు. (ఆ బల్ల మీద అరవేలంటే బయట పదిహేను సెంట్లు. కొలతల పరిజ్ఞానంలో ఆ ఊరు నాకేమీ తీసిపోదు.) చూస్తుండగానే చదును నేల నిండిపోయింది. ఒక్కొక్క ఇల్లూ లేస్తుంటే ఒక్కొక్క సైనికుణ్ణీ తీసి డబ్బాలో పడేశాను.

మామ్మ ఇల్లు ఆఖరున పెట్టాను. వంగి చూసి, "నానేదీ?" అంది. నా దగ్గర ఉన్నవాళ్లంతా తుపాకీ పట్టినవాళ్లే. వాళ్లలో పొడుగాటివాణ్ణి ఒకణ్ణి ఏరి, నెయిల్ కట్టర్‌తో తుపాకీ కత్తిరించి, టోపీ గీకేసి, ఆకుపచ్చ చీర రంగు వేసి గడప ముందు నిలబెట్టాను. ఆవిడ దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా చూసింది. "మీసముంది," అంది. మీసం తీశాను. అప్పుడు నవ్వింది. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఉండి, ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు.

పందొమ్మిదో తారీఖు ఉదయం జీపువాడు వచ్చి హారన్ కొట్టాడు. ఇళ్లున్నా ఫర్వాలేదు, ఊరి నడుమ యుద్ధం అని చెప్పుకోవచ్చు, బహుమతికి ఇంకా ఆశ ఉంది అనుకుంటూ బల్లకు తాడు కడుతున్నాను. రేడియో తాతా, మరో నలుగురూ వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు.

"ఎక్కడికమ్మా?"

"వైజాగ్ తాతా. రెండు రోజుల్లో తెచ్చేస్తాను."

ఆయన తలుపుకు అడ్డంగా ఏమీ లేడు, కోపంగానూ లేడు. "ఊర్ని జీపెక్కించి ఎక్కడికి తీసుకుపోతావమ్మా?" అన్నాడు. "తెచ్చీసరికి ఏదో ఒక ఇల్లు రాలిపోతాది. ఆ ఇంటోలేటనుకుంటారు?"

వాదించాను. అవును, ఆ మూడు రోజుల తరువాత కూడా వాదించాను. ప్లైవుడ్ నాది, రంగులు నావి, మూడు నెలల కష్టం నాది అన్నాను. వాళ్లు అన్నిటికీ తలూపారు. బల్ల మాత్రం కదలలేదు. జీపువాడు మూడోసారి హారన్ కొట్టాక, ఇడ్లీ డబ్బాలో మిగిలిన సైనికులతో బయలుదేరాను.

హాలులో అందరి బల్లల మీదా ఎడారులు, కూలిన కోటలు, మంచు మైదానాలు. నేను టేబులు మీద అన్నయ్య ఆకుపచ్చ దుప్పటి పరిచి, కింద రెండు పుస్తకాలు దూర్చి కొండలని చెప్పి, మెల్లకన్ను సైన్యాన్ని నిలబెట్టాను. వచ్చినవాళ్లు మర్యాదగా ఆగి, మర్యాదగా సాగిపోయారు. ఒక పెద్దమనిషి మాత్రం, "కొండలవైపు నుంచి మంచి బల్ల వస్తోందన్నారే?" అని అడిగాడు. "ఊళ్లోవాళ్లు ఇవ్వలేదండీ" అన్నాను. బల్ల ఇవ్వలేదనుకున్నాడో ఊరు ఇవ్వలేదనుకున్నాడో తెలియదు, జాలిగా తల పంకించి వెళ్లిపోయాడు. అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తిరుగు బస్సులో నర్సీపట్నం దాకా ఏడ్చాను. పక్క సీటావిడ ఎవరైనా పోయారా అమ్మా అని కూడా అడిగింది. ఇన్నేళ్లలో ఈ కథ చాలామందికి చెప్పాను. ఆ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి విన్నవాళ్లు మెత్తబడి, పాపం ఆ ముసలావిడ కోసం ఏడ్చావన్నమాట అంటారు. నేనూ కాదనను. నిజానికి ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఏడ్చింది బహుమతి కోసం. ఒక ఊరు ఊరంతటినీ ఒక రాత్రి నిద్ర లేకుండా చేసి, ఒక ముసలిదాని చేత కోళ్లను గంపకెత్తించి, తనకు జరిగిన అన్యాయమే లోకంలో అన్నిటికంటే పెద్దదని కిటికీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లకు ఏమైనా చెబుదామంటే మాత్రం మాట తోచదు. పోనీలే, నర్సీపట్నం దాకా ఏడవనీ అనుకుంటాను.