వెళ్ళొస్తానన్న మాట

ఇరవై మూడేళ్ళప్పుడు నాకు రెండు విషయాల్లో అనుమానమే ఉండేది కాదు. ఒకటి, నాకు ఇంగ్లీషు బాగా వచ్చని. రెండోది, నాకు అడవంటే భయం లేదని. అప్పుడు కెనడాలోని రెజైనాలో పర్యావరణం మీద మాస్టర్స్ చదువుతూ, సమ్మర్ జాబ్‌కి అప్లై చేసిన ప్రతిచోటి నుంచీ మర్యాదైన తిరస్కారాలు అందుకుంటూ, బేస్‌మెంట్ గదిలో పగలు కూడా లైటేసుకుని బతుకుతున్నాను. ఎందుకో తెలియని దిగులు పట్టుకుంది. (మొదట్లో ఆ నేరం చలికాలం మీదికి నెట్టేవాణ్ణి. మే నెల వచ్చి ఎండ కాసినా దిగులు పోకపోయేసరికి నెట్టడానికి ఇంకెవరూ దొరకలేదు.) మా డిపార్ట్‌మెంట్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్న గుంటూరు అన్న ఒకరోజు పిలిచి, "ఏరా, నార్త్‌లో కరిబూ సర్వే క్యాంపుకి మనిషి కావాలంట. జీతం ఇస్తారు, తిండి పెడతారు, దోమలు ఫ్రీ. వస్తావా?" అన్నాడు. కరిబూ అంటే ఏమిటని కూడా అడక్కుండా వస్తానన్నాను.

కరిబూ అంటే మన దుప్పికి చలిదేశపు చుట్టమట, ఆ సంగతి నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో కూర్చున్నాక తెలిసింది. ఆ ఉత్తరపు బురదనేలల్లో కరిబూలు ఈనుతున్నాయనీ, దూడలు బతుకుతున్నాయనీ చూపించగలిగితే, అటుగా వేయాలనుకుంటున్న రోడ్డు పక్కకి జరుగుతుందని ఆశ. దానికోసం సరస్సు ఒడ్డున రెండు గుడారాలూ, ఒక చెక్క గదీ, ముగ్గురు మనుషులం: అన్న, నేను, మా ఇద్దరికీ పైన పెద్దాయన. పెద్దాయనకి అరవై దాటాయి. నలభై ఏళ్ళు ఆ అడవుల్లోనే తిరిగాడు. మాట్లాడితే గాలి ఖర్చవుతుందన్నట్టు ఉండేవాడు. నేను సార్ అన్నప్పుడల్లా "అలా పిలవకు" అనేవాడు. నేను "సరే సార్" అనేవాణ్ణి.

నా ఉద్యోగం మంచె. చదువు కోసం సముద్రాలు దాటి వచ్చి చివరికి మంచె ఎక్కానని ఇంట్లో చెప్పలేదు. మాది ఖమ్మం వైపు. జొన్నచేను మంచె మీద వడిసెల పట్టుకుని పిట్టల్ని గొంతు పోయేలా అదిలించినవాణ్ణి, కాబట్టి ఈ పని నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను. తీరా చూస్తే ఇక్కడి మంచె మీద ఒకటే నియమం: నోరెత్తకూడదు. దూరదర్శినికి కన్ను ఆనించి, దోమలు కుట్టినా చప్పున కొట్టకుండా, దగ్గొస్తే మింగేసి, కనిపించింది రాసుకోవాలి. మంచె దాకా నడిచేటప్పుడు మాత్రం దీనికి సరిగ్గా ఉల్టా. ఎలుగుబంట్లకి మనం వస్తున్నట్టు తెలియాలి గనక గట్టిగా ఏదో ఒకటి మాట్లాడుతూ నడవాలి. అక్కడ నాకు మాట్లాడేదేముంది? ఎక్కాలు చదివేవాణ్ణి. పదమూడో ఎక్కం దగ్గర నత్తి వచ్చేది, ప్రాణభయంతో పద్నాలుగులోకి దూకేవాణ్ణి.

మెడకి సిగ్నలిచ్చే కాలర్ కట్టిన ఆడ కరిబూ ఒకటి నాకు రోజూ కనిపించేది. దానికి నంబరుంది, కానీ నేను పెద్దమ్మ అని పిలుచుకున్నాను. నిండు చూలాలు. బురదనేల మధ్యలో దిబ్బ మీద నిలబడి, నాలుగు పరకలు మేసి, ఊరికే అలా చూసేది. మూడు వారాలు ఆ ఒక్క ప్రాణిని చూస్తూ గడిపాను. నవ్వకండి గానీ, బేస్‌మెంట్‌లో పట్టుకున్న దిగులు ఆ మంచె మీదే కాస్త సడలింది. అది ఈని, దూడ లేచి నడిస్తే చాలు, నా ఏడాది గట్టెక్కినట్టే అనిపించేది. అన్నతో అంటే, "పురిటికి కాచుక్కూచున్న పుట్టింటోడిలాగా ఉన్నావురా" అని నవ్వాడు.

క్యాంపు వదిలేటప్పుడు ఎక్కడికి పోతున్నామో, ఎప్పుడు వస్తామో రేడియోలో చెప్పాలి, వినేవాళ్ళు బోర్డు మీద రాయాలి. రోజూ వినేది అన్నే. నేను వివరాలు చెప్పి చివర్లో "వెళ్ళొస్తా అన్నా" అనేవాణ్ణి, ఆయన "జాగ్రత్తరా" అనేవాడు. జూన్ మొదట్లో సరుకుల కోసం అన్న విమానంలో టౌన్‌కి వెళ్ళాడు. అదే రోజు పెద్దమ్మ గుట్ట అవతలికి, అక్కడ మాకున్న రెండో మంచె వైపు జరిగింది. దాని నడక చూస్తే రేపో మాపో అన్నట్టుంది. రెండు రోజులకి సరిపడా తిండీ, స్లీపింగ్ బ్యాగూ మూటగట్టుకుని, గుట్ట దాటితే రేడియో అందదు గనక ఇవతలి నుంచే పిలిచాను. పెద్దాయన పలికాడు. రెండో మంచెకి పోతున్నానని చెప్పాను, రెండు రోజుల మాట మరిచాను. చెప్పాక, అలవాటు కొద్దీ, మన మాటనే మక్కికి మక్కి ఇంగ్లీషులో దించాను: వెళ్తాను, వస్తాను, సార్.

"ఈ రోజేనా?" అన్నాడాయన.

ఆయన అడిగింది తిరిగి రావడం గురించి, నేనేమో వెళ్ళడం గురించి అనుకున్నాను. "అవును సార్, ఈ రోజే" అన్నాను. ఆయన బోర్డు మీద సాయంత్రానికి తిరిగొస్తాడని రాసుకున్నాడు.

మన నోటికి 'వెళ్తా' అన్న మాట విడిగా రాదు కదా. పక్క వీధికి పోయినా, పై ఊరికి పోయినా, వెళ్ళొస్తాననే అంటాం. ఉత్త 'పోతా' అంటే అమ్మ నోరు మూసేది. ఆ జాగ్రత్తంతా ఒక్క రేడియో మాటలో ఎలా తలకిందులైందో నాకు మర్నాటి దాకా తెలియదు.

మర్నాడు తెల్లారి పెద్దమ్మ ఈనింది. దూడ గోధుమరంగు ముద్దలా పడింది. పెద్దమ్మ నాకింది. అది లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయి మళ్ళీ పడింది. చివరికి నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పెట్టి నిలబడి, తల్లి పొదుగు వెతుక్కుంది. నేను టైం రాసుకున్నాను. అంకెలు కొక్కిరిబిక్కిరిగా వచ్చాయి. అంత సంతోషం నాకు ఆ దేశంలో అదే మొదటిసారి.

మూడు గంటలు గడిచాయో లేదో హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. గుట్ట మీంచి నేరుగా, కిందికి, మంచె వైపే వచ్చింది. ఏ పాపాత్ముడు ఇటు తెస్తున్నాడని తిట్టుకున్నాను. (ఆ పాపాత్ముడు నేనే.) పెద్దమ్మ తలెత్తి చూసి, ఒక్క ఉదుటున చెట్లల్లోకి దూకింది. దూడ పది అడుగులు వెంటపడి, బురదలో కూలబడింది. హెలికాప్టర్ తలుపులోంచి పెద్దాయన వంగి కిందికి చూస్తున్నాడు, చెట్ల మధ్య నా శవం కోసం.

దిగగానే నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. నేను రెండు రోజులకని వచ్చానని తెలిశాక కూడా ఆయన తిట్టలేదు. దూడని ముట్టుకుంటే తల్లి ఇక దగ్గరికి రానివ్వకపోవచ్చు. అందుకని హెలికాప్టర్‌ని పంపేసి, దూరంగా పొదల్లో సాయంత్రం దాకా పడుకున్నాం. పెద్దమ్మ రాలేదు. ఒక రోజు ఆగి వెళ్తే దూడ కూడా లేదు. బురదలో తోడేలు అడుగులున్నాయి. కాలర్ సిగ్నల్ ఎక్కడో ఉత్తరాన పలికింది.

అన్న తిరిగొచ్చి, విషయం విని, ముందు పగలబడి నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. మా మాట అర్థమేమిటో, 'పోతా' అంటే ఎందుకు అశుభమో పెద్దాయనకి వివరించాడు. పెద్దాయన అంతా విని, నా వైపు తిరిగి, "దూడ పోయింది, దానికి బాధగానే ఉంది. నువ్వే పోయుంటే మీ అమ్మకి నేను ఏ భాషలో చెప్పేవాణ్ణి?" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. చెక్క గదిలో బల్ల మీద తల పెట్టి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

రిపోర్టులో కారణం అని ఒక గడి ఉంటుంది. అందులో 'నా తప్పు' అని రాశాను. పెద్దాయన అది కొట్టేసి, హెలికాప్టర్‌ని తానే పిలిపించానని రాసి, కింద తన సంతకం పెట్టాడు. రోడ్డు చివరికి అటుగానే పడింది. ఆ ఒక్క దూడ బతికుంటే ఆగేదని ఎవరూ అనలేదు, కానీ నేను మాత్రం చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఇప్పుడు రెజైనాలోనే గవర్నమెంట్ ఆఫీసులో కుర్చీ అరగదీస్తూ ఇలాంటి రిపోర్టులు చదవడమే నా పని. మాటలు ఆచితూచి వాడతానని నాకు పేరు. (ఎలా వచ్చిందో వాళ్ళకి తెలియదు.) ఎప్పుడైనా ఆ పాత కాగితం చేతికొస్తే, అందులో లేని సంగతి ఒకటి గుర్తొస్తుంది. దూడ రెండోసారి పడినప్పుడు నేను నియమం తప్పాను. పెదాలు మొహానికి వేసుకున్న దోమతెరకి ఆనించి, నాకే వినపడీ వినపడనట్టు, "లేమ్మా, లే తల్లీ" అన్నాను. అది లేచింది. అంత దూరానికి నా గొంతు చేరదని ఇలాంటి రిపోర్టులు చదివే ఉద్యోగంలో ఉన్న నాకు బాగా తెలుసు. కానీ మంచె మీద కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు, తన మాట వినే అది లేచిందని నమ్మాడు. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క విషయంలో వాణ్ణి సరిదిద్దడానికి నాకు మనసొప్పడం లేదు.