ఆళ్లగడ్డలో ఆగని బస్సు

ఆ రోజుల్లో కంప్యూటరు తెలిసినవాడంటే కర్నూలులో కాస్త గౌరవం ఉండేది. ఆ గౌరవానికి నేనెంత తగినవాడినో ఎవరూ పరీక్ష పెట్టకపోవడం నా అదృష్టం. డీటీపీ సెంటరులో చేరి ఏడాది తిరక్కుండానే, కాలేజీలో నాకు లెక్కలు చెప్పిన సారు తన పీహెచ్‌డీ గ్రంథం పట్టుకొచ్చారు. పన్నెండేళ్ల కష్టం అది. "కడప యూనివర్సిటీలో ఇచ్చేదానికి శుక్రవారం సాయంత్రం ఐదుకు గడువప్పా. దాటిందంటే మళ్లా మొదటికొస్తాది. నాకింక అంత ఓపిక లేదు" అన్నారు.

రెండు వందల పేజీలూ ఒకే ఫైలులో ఉంటే, ఒక్క గుర్తు మార్చినా మా ముసలి కంప్యూటరు మొదటి పేజీ నుంచి కూడబలుక్కుంటూ వచ్చేది. అందుకని అధ్యాయానికొక ఫైలు చేసి, అన్నిటినీ వరసగా పిలిచే పెద్ద ఫైలు ఒకటి పెట్టి, అదే మన బస్సు సార్ అన్నాను (ఉపమానాల పిచ్చి అప్పటిదే). సారు ముచ్చటపడి ఫైళ్లకు కడప రోడ్డు మీది ఊళ్ల పేర్లు తానే పెట్టారు: ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప. నాలుగోదైన ఆళ్లగడ్డంటే ఆయనకు ప్రాణం. అందులోని సిద్ధాంతం ఒక్కటే ఏడేళ్లు తినేసిందట. పెద్ద ఫైలు పైన ఒక వరస ఉంటుంది. అందులో పేరున్న ఊళ్లలోనే బస్సు ఆగుతుంది. పేరు తీసేస్తే ఆగదు, ఆ ఊరి పేజీలు అచ్చుకు రావు గానీ, వాటి లెక్క మాత్రం మరిచిపోదు. నా కొంప ముంచింది ఆ జ్ఞాపకశక్తే.

చివరి దిద్దుబాట్లప్పుడు, ఆళ్లగడ్డలో తప్పుల్లేవు కదా, పని త్వరగా తెములుతుందని దాని పేరు తీసేశాను. మళ్లీ చేర్చడం మరిచాను. విషయసూచికలో నాలుగో అధ్యాయం దర్జాగా ఉంది, చివరి పేజీ అంకె సరిగ్గా ఉంది (ఒక్కో పేజీ తిప్పి చూడడం మొరటు పని అని నా నమ్మకం). బైండింగు చాచా "సన్నగా ఉండాదే బేటా" అన్నాడు. "లెక్కల పుస్తకం చాచా, అట్లే ఉంటాది" అని ఆయన నోరు మూయించాను.

శుక్రవారం తెల్లవారుజామునే సారు మూడు ప్రతులు సంచిలో పెట్టుకుని కడప బస్సెక్కారు. నేను సెంటరు తాళం తీస్తుండగానే ఫోను మోగింది.

"ఏమప్పా, నేను ఆళ్లగడ్డలో దిగినా."

"బస్సు చెడిపోయిందా సార్?"

"బస్సు బాగానే ఉండాది. ఊరొచ్చింది గదా, నా ఆళ్లగడ్డను ఒకసారి చూసుకుందామని పుస్తకం తెరిస్తి. అరవై తర్వాత తొంభైయేడు వస్తాండాది. నేను ఈడుండా, నా ఆళ్లగడ్డ యాడప్పా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముంచిన ఏర్పాటే మళ్లీ ఒడ్డున వేసింది. పైవరసలో ఆళ్లగడ్డ పేరొక్కటే ఉంచి నడిపితే, అరవైయొకటి నుంచి తొంభైయారు దాకా పేజీలు అంకెలతో సహా వచ్చాయి. మూడు సెట్లు తీసుకుని, చాచా కాళ్లావేళ్లా పడి, సూది దారం జిగురుతో సహా ఆయన్ను బస్సెక్కించి నేనూ ఎక్కాను. ఆళ్లగడ్డ బస్టాండు బల్ల మీద చాచా కుట్లు విప్పుతూ, "నేను చెప్పలే, సన్నగా ఉండాదని?" అని ప్రతి పుస్తకానికీ ఒకసారి అడిగాడు. జిగురు గట్టిగా పట్టాలని సారు ఆ మూడింటి మీదా కూర్చునే కడపకు పోయారు. ఐదుకు పావుగంట ముందు పుస్తకాలు అందాయట.

సారు డాక్టరయ్యారు. గ్రంథాన్ని పరీక్షించినవాళ్లు నాలుగో అధ్యాయాన్నే ఎక్కువ మెచ్చుకున్నారని చెప్పడానికి మా సెంటరుకొచ్చి, నన్ను ఒక్క మాటా అనకుండా, చాచాకు ఒక మిఠాయి పొట్లం, నాకు ఒకటి ఇచ్చిపోయారు. సారు కాలం చేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఏ పుస్తకం చేతికొచ్చినా మొరటుగా ఒక్కో పేజీ తిప్పుతాను. ఆ దారిన పోతున్నప్పుడు కండక్టరు "ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ" అని కేక వేస్తే, దిగే పని లేకపోయినా లేచి నిలబడతాను. ఉండాది సార్, ఈడనే ఉండాది అని మెల్లగా చెప్పి, పక్కవాళ్లు చూస్తుంటే నవ్వుకుని కూర్చుంటాను.