రివర్సు బాబాయ్ పక్కగది

మా రివర్సు బాబాయ్ ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఆ పనిని రద్దు చేసే ఏర్పాటు చూసుకునేవారు. అది కుదరకపోతే పనే మానుకునేవారు. ఇంతకు మించి ఆయనలో ఏ వంకా లేదు. ఉన్న ఆ ఒక్కటే మా అందరికీ సరిపోయేది.

ఉదాహరణకి, కూర్చోవడం. మనమైతే కుర్చీ కనిపిస్తే లాక్కుని కూర్చుంటాం. ఆయన ముందు జేబులోంచి సుద్దముక్క తీసి, కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ నేలమీద గీతలు గీసి, అప్పుడు కుర్చీ జరుపుకుని కూర్చునేవారు. లేచేటప్పుడు కుర్చీని మళ్లీ గీతల్లోకి నెట్టి, మోకాళ్లమీద వంగి, జేబురుమాలుతో గీతలు తుడిచేసి మరీ బయల్దేరేవారు. "మనం వచ్చి వెళ్లినట్టు తెలియకూడదు అమ్మాయ్," అనేవారు. నెరిసిన జుట్టు పెద్దమనిషి మోకాళ్లమీద నేల తుడుస్తుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకసారి బ్యాంకులో మేనేజరు గారు ఆయన్ని ఆ భంగిమలో చూసి, ఏదో పడిపోయిందనుకుని, తానూ బల్లకింద దూరి పావుగంట వెతికారట.

ఆఫీసులో మాత్రం ఆయన కుర్చీ చుట్టూ గీతలు ఎప్పుడూ అలాగే ఉండేవి. ఊడ్చే ఆవిడకీ ఆయనకీ దీనిమీద రోజూ యుద్ధమే.

"నేల తుడవమంటారు, గీతలు తుడవొద్దంటారు. రెండూ ఎలా కుదురుతాయి సార్?"

"ఇక్కడ నా పని ఇంకా అయిపోలేదమ్మా. అయిపోయిన రోజు నేనే తుడుస్తాను."

"ఎప్పుడవుతుంది?"

"రిటైరయినప్పుడు."

ఇంట్లో కూడా ఇదే వరస. ఆయన భార్యని నేను పిన్ని అనేదాన్ని. ఆ ఇంటి గోడలకి ఇరవై రెండేళ్లలో ఒక్క మేకు దిగలేదు. వాళ్ల పెళ్లి ఫొటో పెద్ద ఫ్రేములో గోడకి ఆనించి నేలమీదే ఉండేది. ఊడ్చినప్పుడల్లా దాన్ని జరపడం, మళ్లీ ఆనించడం పిన్ని పని.

"ఒక్క మేకు కొట్టండి మహానుభావా," అనేది పిన్ని.

"కొట్టాక చిల్లు పడుతుంది కదే. పడిన చిల్లుని వెనక్కి తీసుకోగలమా?"

"మరి నన్ను పెళ్లి చేసుకునేటప్పుడు ఈ ఆలోచన రాలేదా?"

"ఎందుకు రాలేదు? ఏడాదిన్నర ఆలోచించాను. వెనక్కి వచ్చే దారి ఎంత వెతికినా దొరకలేదు. ఇక ధైర్యం చేశాను. నా జన్మలో అలా చేసిన పని అదొక్కటే."

ఆ ఫొటోలో ఆయన మొహం చూస్తే నిజమేననిపిస్తుంది. పిన్ని మాత్రం ఈ జవాబు వినడానికే ఆ ప్రశ్న అడుగుతుందని నా అనుమానం.

ఇంత జాగ్రత్త మనిషికీ మంగలి దగ్గర మాత్రం ఎక్కడలేని తెగువ వచ్చేది. "జుట్టు దానంతటదే తిరిగొస్తుంది బాబూ," అని మంగలి ఎప్పుడో ఒక మాటన్నాడట. అప్పట్నుంచి ఆయన తలమీద చేయని ప్రయోగం లేదు. ఒక వారం గుండు, ఇంకో నెల పక్కలకి మాత్రమే కోత. ఏమిటి బాబాయ్ గారూ ఈ అవతారం అంటే, "ఏం ఫరవాలేదు, మూడు నెలల్లో రివర్సయిపోతుంది," అని నవ్వేవారు. రివర్సు బాబాయ్ అన్న పేరు అలా స్థిరపడింది.

నాకు ఆయన చుట్టమేమీ కాదు. నేను చేరిన మొదటి ఉద్యోగంలో ఆయన నా పైఅధికారి. మా ఆఫీసు ఒక చెప్పుల దుకాణం పైన మూడు గదులు. కింద కొత్త సరుకు దిగిన రోజు పైన మాకు తోలు వాసన తప్ప గాలి ఉండేది కాదు. మేము టైలర్ల కోసం 'కొలతల పుస్తకం' అనే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేసేవాళ్లం. ఎవరి భుజం ఎంత, ఎవరి నడుం ఎంత, ఏ తేదీకి ఇస్తామన్నాం, నిజంగా ఎప్పుడిచ్చాం, అన్నీ అందులో ఉండేవి. ప్రోగ్రాం రాసేవాళ్లు వేరే ఇద్దరు. దాన్ని టైలరు కంప్యూటర్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ బాబాయ్‌ది. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని నొక్కుకుంటూ పోతాం చూడండి, ఆ నొక్కుళ్ల వెనక ఏమేం జరగాలో చెప్పే స్క్రిప్టు ఆయన రాసేవారు. ఆయన పక్క కుర్చీ నాది.

మామూలు ఇన్‌స్టాలర్లు నాలుగు ప్రశ్నలడిగి ఊరుకుంటాయి. బాబాయ్ ఇన్‌స్టాలర్ ఇంటికొచ్చిన మనిషిలా పలకరించేది. "మీరిప్పుడు ఏదైనా కుడుతున్నారా? అయితే ముందు అది పూర్తి చేసుకోండి, నేను ఆగుతాను," అని మొదటి పేజీ. నిజంగానే ఆగేది. ఎవరైనా ప్రోగ్రాంను తీసేయబోతే ఇంకో పేజీ వచ్చేది: "వెళ్లమంటున్నారా? మంచిది. మీ కొలతలు మీవే, వాటిని ముట్టుకోను. నావల్ల ఏదైనా ఇబ్బంది కలిగి ఉంటే మన్నించండి." అది చదివి మనసు కరిగి ప్రోగ్రాంను ఉంచేసుకున్న టైలర్లు ఉన్నారని మా ఫోను మేడం చెప్పేది. కస్టమర్ల ఫోన్లన్నీ ఆవిడే ఎత్తేది కాబట్టి నమ్మాల్సిందే.

మా ఓనరుకి మాత్రం ఇది తలనొప్పి. "తీసేయమంటే తీసేయాలండీ. ఈ వీడ్కోలు సభ ఏమిటి?" అని ఒకరోజు విసుక్కుని, కొత్త వెర్షన్ ఇన్‌స్టాలర్ నన్ను రాయమన్నారు. నేను చెలరేగిపోయాను. పలకరింపులు పీకేశాను, వీడ్కోళ్లు పీకేశాను. కొత్తది ఎక్కేముందు పాతదాన్ని తొలగించాలి కదా, దానికి బాబాయ్ నలభై వాక్యాలు రాశారు. నేను ఒకే ఒక్క వాక్యం రాశాను: ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ ఫోల్డర్ మొత్తం తీసేయి. 'తీసేయి' అనే ఆదేశం బాబాయ్ ఎప్పుడో తయారుచేసి పెట్టిందే ఉంది. దానికి ఫోల్డర్ పేరు అందించాను, అంతే.

బాబాయ్ కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "అమ్మాయ్, ఇందులో వెనక్కి రావడం ఎక్కడుంది?"

"తీసేయడంలో వెనక్కి రావడం ఏముంటుంది బాబాయ్ గారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, "సరే, ఉండనీ," అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

ఆ గెలుపు పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు పొద్దున్నే ఫోను మేడం రిసీవరు చెవికి జానెడు దూరంగా పట్టుకుని కూర్చుంది. అవతలి గొంతు మా మూడు గదులకీ వినిపిస్తోంది. యూనిఫారాలు కుట్టే టైలరమ్మ. కొత్త వెర్షన్ ఎక్కించిందట. ఆవిడ పాత ప్రోగ్రాంను విడిగా కాకుండా తన 'షాపు' అనే సొంత ఫోల్డర్‌లోనే పెట్టుకుంది. నా ఒక్క వాక్యం ఆ షాపు మొత్తాన్ని ఊడ్చేసింది.

"ఆరువందల నలభై మంది పిల్లల కొలతలమ్మా! బడి తెరవడానికి తొమ్మిది రోజులుంది. మళ్లీ తీద్దామంటే పిల్లలు ఊళ్లో లేరు, సెలవులకి ఎటు వాళ్లటు పోయారు. నేనేం కుట్టను? ఎవరికి కుట్టను?"

ఓనరు గదిలోంచి బయటికొచ్చారు. "ఎవరు రాశారది?"

"నేనే సార్," అన్నాను.

ఆయన విసురుగా లోపలికి పోయి, కాసేపటికి బాబాయ్‌ని పిలిచారు. ఈలోగా నేను కాగితం తీసి రాజీనామా రాసేశాను. ఆ ఉద్యోగం కోసం రెండేళ్లు తిరిగాను. అది పోతే మా మేనమామ జిరాక్సు షాపులో కూర్చోవడమే నా గతి. అయినా ఆరువందల నలభై మంది పిల్లలు చిరిగిన పాత యూనిఫారాల్లో నన్నే వేలు పెట్టి చూపిస్తున్నట్టుగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. బాబాయ్ జేబు సర్దుకుంటూ బయటికి రాగానే కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"సార్‌కి ఇచ్చేయండి. నాకు మొహం చెల్లడం లేదు."

ఆయన చదివి, మడత పెట్టి, "నిజంగానేనా?" అన్నారు.

"నిజంగానే."

"సరే," అని జేబులో పెట్టుకుని, "పద, టైలరమ్మ దగ్గరికి," అన్నారు.

బస్సులో ఆయన హాయిగా కూర్చున్నారు. సీట్లు నేలకి బిగించి ఉంటాయి గనక సుద్ద అవసరం లేకుండా ఆయన కూర్చోగలిగింది అక్కడొక్కచోటే.

"దొరుకుతాయా బాబాయ్ గారూ?"

"కళ్లారా చూడకుండా చెప్పను."

"ఒక్క మాట చెప్పండి. నా గుండె ఆగిపోయేలా ఉంది."

"దొరుకుతాయని చెప్పి, తీరా దొరక్కపోతే, ఆ మాట వెనక్కి తీసుకోగలనా?"

ఏడవాలో కొట్టాలో తెలియలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

షాపు నిండా నీలం గుడ్డ తానులు. నాలుగు కుట్టుమిషన్లూ ఆగిపోయి ఉన్నాయి. కుట్టే ఆడవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని గోడవైపు చూస్తున్నారు. మెడలో టేపు వేసుకున్న టైలరమ్మ, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో కంప్యూటర్ చూపించింది. బాబాయ్ జేబు తడుముకున్నారు. హడావుడిలో సుద్ద మర్చిపోయారు. బల్లమీద ఉన్న సుద్దబిళ్ల తీసుకుని కుర్చీ కాళ్ల చుట్టూ గీయడం మొదలుపెట్టారు.

"అది గుడ్డకి గీసే సుద్ద సార్, నేలకి కాదు," అంది టైలరమ్మ. అంత ఏడుపులోనూ ఆవిడకి ఆశ్చర్యం ఆగలేదు.

"ఒక్క నిమిషమమ్మా," అని నాలుగోకాలు కూడా పూర్తిచేసి కూర్చున్నారు. కంప్యూటర్‌లో ఎక్కడో లోపలికి, ఇంకా లోపలికి వెళ్లి, 'పక్కగది' అనే ఫోల్డర్ తెరిచారు. అందులో 'షాపు' ఉంది. ఆరువందల నలభై మంది పిల్లలూ తరగతుల వారీగా, భుజాలూ నడుములూ చెక్కుచెదరకుండా ఉన్నారు.

టైలరమ్మ కంప్యూటర్‌కి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఎవరూ చెప్పకుండానే నాలుగు మిషన్లూ ఒకేసారి మొదలయ్యాయి. నేను అక్కడే గుడ్డ తానుమీద కూర్చుని భోరున ఏడ్చాను.

"నేను తీసేయమని రాశాను కదా బాబాయ్ గారూ?"

"నువ్వు తీసేయమన్నావు. తీసేయడం అంటే ఏమిటో ఆ ఆదేశానికి నేర్పింది నేను. మన ఇన్‌స్టాలర్ ఇప్పటిదాకా దేన్నీ అప్పటికప్పుడు చెరపలేదు. ఏది తీసేయమన్నా పక్కగదిలో పెడుతుంది. తొంభై రోజులు చూసి, అప్పుడు కూడా అడిగే తీస్తుంది. జనం కోపంలో చాలా తీసేయమంటారమ్మాయ్."

ఆ తర్వాత మోకాళ్లమీద వంగి సుద్ద గీతలు తుడిచారు. ఈసారి జేబురుమాలుతో పక్కన నేనూ వంగాను.

మర్నాడు ఓనరు పిలుస్తారని ఎదురుచూశాను. పిలవలేదు. ఆ మర్నాడు మెట్లమీద ఎదురై, "టైలరమ్మ ఫోన్ చేసిందమ్మా, చాలా సంతోషపడింది," అని తల వంచుకుని గబగబా దిగిపోయారు. రాజీనామా ఊసే లేదు. మూడో రోజు ఉండబట్టలేక బాబాయ్‌ని అడిగాను.

"నా ఉత్తరం ఇచ్చారా?"

ఆయన తాళంచెవి తీసి బల్ల సొరుగు లాగారు. లోపల అంచుకి చిన్న చీటీ అంటించి ఉంది: పక్కగది. నిండా కాగితాలు, ఒక్కోదానిమీద పెన్సిలుతో తేదీ.

"ఇచ్చేస్తే వెనక్కి రాదు కదా. నీది పైనే ఉంటుంది, చూసుకో."

చూశాను. నాదొక్కటే కాదు, ఫోను మేడం రాజీనామాలు నాలుగు ఉన్నాయి. ప్రోగ్రాం రాసే అబ్బాయి తన కాబోయే భార్యకి 'ఇక మనకు కుదరదు' అని రాసి, పోస్టు చేయమని ఇచ్చిన కవరు ఉంది. వాళ్లకిప్పుడు ఇద్దరు పిల్లలు. 'నేటితో ఈ సంస్థను మూసివేస్తున్నాను' అని మా ఓనరు సంతకంతో రెండు నోటీసులు ఉన్నాయి, మూడేళ్ల తేడాతో. అడుగున ఒక చీటీమీద పిన్ని చేతిరాత: 'మేకు కొట్టేదాకా నేను మా అక్క ఇంట్లోనే ఉంటాను.'

నా రాజీనామాకి ఇంకో కవరు క్లిప్పు పెట్టి ఉంది. విప్పితే ఓనరు చేతిరాత. అదే రోజు తేదీ. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు, వెంటనే నాకు అందజేయమని బాబాయ్‌కి ఆదేశం. ఆ రోజు గదిలోకి పిలిచింది ఇందుకే. బస్సులో పక్కన కూర్చున్నంతసేపూ ఆయన జేబులో నేను మానేస్తున్నానన్న ఉత్తరమూ, నన్ను మాన్పిస్తున్నారన్న ఉత్తరమూ రెండూ ఉన్నాయన్నమాట.

"ఇది నాకు ఇవ్వాల్సింది కదా?"

"అవును. నీది ఆయనకి ఇవ్వాలి, ఆయనది నీకివ్వాలి. తొంభై రోజులయ్యాక ఇద్దర్నీ అడుగుతాను. అప్పటికీ కావాలంటే ఎవరికి చేరాల్సింది వాళ్లకిచ్చేస్తాను."

సరిగ్గా తొంభయ్యో రోజు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. "అమ్మాయ్, ఇవ్వమంటావా, ఇంకో తొంభై రోజులు ఉంచమంటావా?"

"ఉంచండి బాబాయ్ గారూ."

ఆయన ఓనరు గదిలోకి వెళ్లి అదే అడిగి, అదే జవాబుతో బయటికొచ్చారు. ఈ తంతు తొమ్మిదేళ్లు నడిచింది.

రిటైరయిన రోజున ఆయన అన్నమాట ప్రకారం మోకాళ్లమీద వంగి తన కుర్చీ గీతలు తుడిచేశారు. మర్నాడు నేను ఆఫీసుకి వచ్చేసరికి అవి మళ్లీ ఉన్నాయి. ఊడ్చే ఆవిడ సుద్దముక్క పట్టుకుని నిలబడి, "గీతలు లేకపోతే ఆ కుర్చీ ఎక్కడ పెట్టాలో నాకెలా తెలుస్తుంది?" అని నామీదే విరుచుకుపడింది.

సొరుగు తాళం ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్ననే మళ్లీ తొంభయ్యో రోజు వచ్చింది. ఓనరు గది తలుపు తట్టాను.

"సార్, నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తరం. నాకు ఇచ్చేసుకోమంటారా, ఇంకో తొంభై రోజులు ఉంచమంటారా?"

ఆయన ఫైల్లోంచి తలెత్తకుండానే అన్నారు.

"ఉంచమ్మా, తొందరేముంది?"