చిన్న రైలు ఆగిన సాయంత్రం

మా మామ పోయారన్న కబురు నాకు పక్క ఊరి బడిలో, తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుండగా అందింది. నా భర్త ఫోన్ చేసి, "నాయన పోయినాడు. నిద్రలోనే. నువ్వు నిదానంగా రా" అన్నాడు. పొద్దున కాఫీ తాగి, పేపరు చదివి, కాసేపు నడుం వాలుస్తానని మా అత్తతో చెప్పి మిద్దె మీది గదికి వెళ్లారట. ఆమె టిఫినుకు పిలవడానికి పైకి వెళ్లేసరికి పక్కకు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నారట. తిరుపతికి బస్సులో వస్తూ ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో ఒక ఊరట కూడా ఉంది. మా మామ నిద్రలో పోయారు. ఆ నిద్ర ఆయనకు ఎంత ఆలస్యంగా దొరికిందో మాకు తెలుసు. అది ఎలా దొరికిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన ఐరాల దగ్గర చెరుకు, వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి రైలు డ్రైవరు అయ్యారు. చాలా ఏళ్లు గూడ్సు, ఆ తర్వాత ప్యాసింజర్లు నడిపారు. నేను కోడలిగా వచ్చేసరికి రిటైరై తిరుపతిలో ఇల్లు కట్టుకుని ఉన్నారు. నెమ్మదైన మనిషి. గడియారం మణికట్టుకు లోపలివైపు కట్టుకునేవారు. సంగటి ముద్దను ఎప్పుడూ అంచు నుంచే తినుకుంటూ వచ్చేవారు. నాకు స్కూటరు నేర్పింది ఆయనే. మొదటి రోజు బండి ముందుకు పోనివ్వకుండా బ్రేకు పట్టించడంతోనే సరిపెట్టారు. "నడిపేదేముంది మ్మా, ఎవురైనా నడుపుతారు. ఆపేది నేర్చుకో" అన్నారు.

ఆయనలో రెండు సంగతులు మాత్రం నాకు అర్థమయ్యేవి కావు. ఒకటి, సరిగా నిద్రపోయేవారు కాదు. రాత్రి మేము ఏ వేళ లేచినా హాల్లో కుర్చీలో కూర్చుని కనిపించేవారు. డాక్టర్లు మాత్రలిచ్చారు, అత్త మొక్కని దేవుడు లేడు. రెండోది, రైలెక్కేవారు కాదు. రైల్వే ఇచ్చిన ఉచిత పాసు బీరువాలో పెట్టుకుని చిత్తూరుకు బస్సులో నిలబడి వెళ్లేవారు. అడిగితే, ఎక్కి ఎక్కి విసుగు పుట్టిందనేవారు. మేము నమ్మాం.

సూళ్లూరుపేటలో ఉండే మా ఆడబిడ్డకు పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ ఒక అట్టపెట్టె ఇచ్చిపోయారు. అందులో కరెంటుతో నడిచే మోడల్ రైలు సెట్టు ఉంది. అరచేతిలో పట్టే ఇంజను, పెట్టెలు, పట్టాల ముక్కలు, వేగం తగ్గించి పెంచే గుండ్రటి మర ఉన్న కంట్రోలరు. నాయనకు పొద్దుపోతుందని ఆమె దాన్ని తెచ్చింది. దారిలో బస్సు పైఅర మీంచి జారి పడిందేమో, తెరిచి చూస్తే సగం దెబ్బతిని ఉంది. కొన్ని పట్టాలు వంగాయి, పెట్టెల కొక్కేలు విరిగాయి. ఆయన దాన్ని చూసి మూత పెట్టేశారు. రెండు వారాలు మిద్దె మీద మూల పడి ఉంది.

తర్వాత ఒకరోజు పైన శబ్దం వింటే వెళ్లి చూశాను. ప్లైవుడ్ పలక పరిచి, వంగిన పట్టాలను పట్టకారుతో సరిచేస్తున్నారు. అత్త దగ్గరి పిన్నీసులు వంచి కొక్కేలు చేశారు. తుప్పు పట్టిన పట్టాలను స్పిరిట్టులో ముంచిన దూదితో తుడిచారు. అయినా ఏదో ఒక తంటా వచ్చేది. ఇంజను మలుపులో పట్టా తప్పేది. అతుకుల దగ్గర కరెంటు అందక ఆగిపోయేది. వాటికి మాత్రం ఆయన విసుక్కోలేదు. అట్టతో చిన్న స్టేషను కట్టి, చిత్తూరు దారిలో వచ్చే 'పాకాల' పేరు రాశారు. ఆ రోజుల్లో ఆయన కూనిరాగం తీయడం మొదటిసారి విన్నాను.

అంతా కుదిరిందనుకున్న సాయంత్రం నన్ను పిలిచి చూపించారు. రైలు చక్కగా ఒక చుట్టు తిరిగింది. స్టేషను దగ్గరికి వస్తుంటే వేగం తగ్గించడానికి మర తిప్పారు. రైలు తగ్గలేదు, ఉన్నట్టుండి ఇంకా జోరందుకుంది. ఆయన మరను పూర్తిగా సున్నాకు తిప్పారు. అది స్టేషను దాటి, మలుపులో పట్టా తప్పి, పలక మీంచి ఎగిరి గచ్చు మీద పడింది. రైలు కింద పడిపోయినా ఆయన చెయ్యి ఇంకా మర తిప్పుతూనే ఉంది. ముఖం నిండా చెమట. గుండెకేమైనా అయిందేమోనని ఆటో పిలవబోయాను. వద్దని చెయ్యి ఊపి గోడకానుకుని కూర్చున్నారు. నీళ్లు తాగాక చెప్పడం మొదలుపెట్టారు.

పాకాల అవతల ఒక మలుపు ఉందట. కొన్నేళ్ల కిందట, ప్యాసింజరు నడుపుతుండగా, ఆ మలుపు తిరగ్గానే పట్టాల మీద ఒకామె కూర్చుని ఉందట.

"బ్రేకు ఏసినాను మ్మా. ఎంత ఏయాల్నో అంతా ఏసినాను. హారను కొడతానే ఉండాను. ఆమె లేయలేదు. రైలు గదా, యాడ ఆగుతాది."

విచారణలో ఆయన తప్పేమీ లేదని తేల్చారట. ఆయనా మళ్లీ డ్యూటీకి వెళ్లి, రిటైరయ్యేదాకా అదే దారిలో రైలు నడిపారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "మీ అత్తకు చెప్పొద్దు" అని నన్నూ అడిగారు. పనికిరాని ఇనుప సామానుతో పాటు ఆ పెట్టెను కూడా పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నారు.

నేను ఇవ్వలేదు. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని, ఎందుకు ఆగలేదో తెలుసుకోకుండా వదలబుద్ధి కాలేదు. ముందు కొత్త కంట్రోలరు తెప్పించాను. అది పార్సిల్లోనే చితికి వచ్చింది, దీపం కూడా వెలగలేదు. తిప్పి పంపేశాను. ఇక పాతదాన్నే భోజనాల బల్ల మీద విప్పి మీటరు పెట్టి చూస్తే సంగతి బయటపడింది. మర కింద ఉన్న ఒక తీగ ఊడిపోయింది. మర తగ్గించినా రైలుకు కరెంటు తగ్గకుండా మొత్తం అందుతోంది. ఆయన్ను పిలిచి చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని ఆ తీగను చాలాసేపు చూశారు.

"అంటే, నేను సరిగ్గానే తిప్పినాను."

"సరిగ్గానే తిప్పినారు మామా. మీరు ఆపమన్న మాట దానికి చేరలేదు, అంతే."

ఆయన తలూపి వెళ్లిపోయారు. కానీ మర్నాడు కింద పడిన ఇంజనును ఆయనే బల్ల మీదికి తెచ్చారు. వంగిన ఇరుసును సన్నమూతి పట్టకారుతో లాగి సరిచేశారు. నేను సోల్డరింగు కడ్డీతో తీగ అతకబోయి వేడి ఎక్కువై మరనే కరిగించాను. తిరుపతిలో రేడియో సామాన్లమ్మే దుకాణాలన్నీ తిరిగితే ఒకచోట, వాల్యూమ్ తిప్పే మరల్లో, దానికి సరిపోయేది దొరికింది. ఈసారి ఆయన తీగ పట్టుకుంటే నేను జాగ్రత్తగా అతికాను.

అయినా మర మీద చెయ్యి పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. కొన్నాళ్లు నేనే నడిపాను, ఆయన తలుపు దగ్గర నిలబడి చూసేవారు. ఒక సాయంత్రం ఆయనే లోపలికి వచ్చి, అగ్గిపెట్టె ఒకటి పట్టాల మీద నిలబెట్టి, మర ముందు కూర్చున్నారు. రైలు బయల్దేరింది. మలుపు తిరిగింది. ఆయన మర తగ్గించారు. ఇంజను కొంచెం కుంటుతూ వచ్చి, అగ్గిపెట్టెకు జానెడు దూరంలో ఆగింది.

ఆయన దాన్ని వెనక్కి నడిపించి మళ్లీ ఆపారు. మళ్లీ. చీకటి పడేదాకా అదే పని. ఒక్కసారి కూడా అగ్గిపెట్టె పడలేదు. నేను లైటు వేసినప్పుడు చూస్తే చెంపలు తడిసి ఉన్నాయి. "ఆగుతా ఉండాది మ్మా" అన్నారు. తర్వాత కిందికి దిగి అన్నం తిని పడుకున్నారు. తెల్లారి పాలవాడు వచ్చి పోయినా లేవలేదు. అత్త కంగారుగా మూడుసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చింది. మూడోసారి నవ్వుతూ వచ్చి, "గురక పెడతాండాడు" అంది.

ఆ వారంలోనే ఆయన అత్తకు అంతా చెప్పారు. ఆమె కోప్పడుతుందనుకున్నాను. పమిట కొంగు వేళ్లకు చుట్టుకుంటూ విని, "ఎవురి బిడ్డో పాపం" అంది. కాసేపటికి ఆయన వైపు తిరిగి, "నాకు అప్పుడే చెప్పింటే, నేనూ నీతో మేలుకోని ఉందును గదా" అంది. ఆయన కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నారు.

ఒక్క చిన్న రైలు అంత పని చేసిందని నేననను. ఎవరికైనా చెప్పుకోవడం వల్ల వచ్చిన మేలే ఎక్కువేమో. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు హాల్లో లైటు వెలిగేది. అయితే కుర్చీల్లో ఇద్దరు కూర్చుని ఉండేవారు, మాటలు వినిపించేవి. ఆఖరి ఏళ్లలో ఆయన హాయిగా నిద్రపోయారు. దానికి నేను ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియదు గాని, పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆయన పేరు వింటే ఇప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది మేము ముగ్గురం చిత్తూరుకు వెళ్లిన ప్రయాణం. బంధువుల ఇంట్లో సీమంతం. రైల్లో పోదామని ఆయనే అన్నారు. చంద్రగిరి దాటేవరకు కబుర్లు చెప్పారు. పాకాల దాటాక మాట ఆగిపోయింది. అత్త లేచి ఆయనకు కిటికీ పక్క చోటిచ్చింది. మలుపు వచ్చింది, రైలు హారను కొట్టింది. బయట చేలో ఆడవాళ్లు వేరుశనగ చెట్లు పీకి, వేళ్లకున్న మట్టి దులుపుతున్నారు. వాళ్లు చిన్నగా అయిపోయేదాకా ఆయన చూస్తూనే ఉన్నారు. తర్వాత ఇటు తిరిగి, ఆకలవుతోందన్నారు. అత్త డబ్బా మూత తీసింది. ఆయన ఇడ్లీ ముక్క తుంచి పొడిలో అద్దుకుని, మీసానికి పొడి అంటుకున్న సంగతి కూడా తెలియకుండా, ఎండ పడుతున్న కిటికీలోంచి వెనక్కి పోతున్న మామిడి తోటల్ని చూస్తూ నిదానంగా తిన్నారు.