ముందు కూర్చోండి

మా అమ్మమ్మ పేము కుర్చీలు అల్లుతుంది. బకెట్లో నానిన పేము బద్ద కొసను పళ్ల మధ్య పట్టుకుని లాగుతుంది కాబట్టి సగం మాటలు ముక్కుతోనే వస్తాయి. కొట్లోకి ఎవరొచ్చినా ముందు "కూర్చోండి" అనాలి, ఆ తరువాతే బేరం. కొట్టు సందు చివరికి మారాక కూర్చోమందామంటే మనిషే కరువు. ఈ నెలలో పని రాకపోతే అక్కడ తన టైర్లు పెట్టుకుంటానని మావయ్య చెప్పేశాడు. అందుకే నేను వెబ్‌సైట్ పెట్టాను. ఆవిడకు అది ఒక పట్టాన నచ్చలేదు. మధ్యాహ్నం షట్టర్ దించి కునుకు తీసే ముందు, "దాన్ని కూడా మూసెయ్యవే" అనేది.

"అది మూసేది కాదు, అమ్మమ్మా."

"మనం పడుకున్నప్పుడు ఎవరైనా వస్తే? కూర్చోమనే దిక్కు లేక గుమ్మంలో నిలబడతారు. పరువు తక్కువ!"

నిన్న ఆవిడ గురక మంచి ఊపులో ఉండగా, ఎక్కడో దూరపు ఊళ్లో లైబ్రరీ చూసుకునే ఆవిడ వెబ్‌సైట్‌లోకి వచ్చింది. చిరిగిన కుర్చీల ఫొటోలు పంపి, "అన్నీ ఇలాగే ఉన్నాయి, జనం నిలబడే చదువుకుంటున్నారు, అల్లిపెడతారా?" అని రాసింది. అమ్మమ్మను లేపి చదివి వినిపించాను.

"అయ్యో, అంతమందీ నిలబడేనా!" అంటూ అమ్మమ్మ జుట్టు ముడేసుకుని, మావయ్యకు ఫోన్ చేసింది. "ఒరేయ్, నీ టైర్లు నీ మంచం కింద పెట్టుకో."

ఈ మధ్యాహ్నం షట్టర్ దించుతూ, "వెబ్‌సైట్ కూడా మూసెయ్యమంటావా?" అని కవ్వించాను.

"నోరు మూసుకో చాలు. దాని నెత్తిన పెద్ద అక్షరాలతో 'కూర్చోండి' అని రాయి. 'మా అమ్మమ్మ ఇప్పుడే లేస్తుంది' అని కూడా రాయి" అని అటు తిరిగి పడుకుంది.